అటకమీది ఆటపెట్టెలో పెళ్లి క్యాసెట్టు

కువైత్ నుంచి సెలవుమీద వచ్చినవారి పెట్టెల్లో ఏమేమి వుంటాయో కడప జిల్లాలో పసిపిల్లల నడిగినా చెబుతారు. సెంటు సీసాలు, మెత్తని కంబళ్లు, ఖర్జూరం పొట్లాలు ఇంటిల్లిపాదికీ. యంత్రాల వంతు మాత్రం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. మొదట టేప్ రికార్డరు, తర్వాత వి.సి.ఆర్., 2000వ సంవత్సరం దాటాక పిల్లల పోరు పడలేక తెచ్చిన ప్లేస్టేషన్ 2. గుంతకల్లు - రేణిగుంట రైలుదారిలో, పాపాఘ్ని పెన్నలో కలిసే చోటికి చేరువగా వున్న కమలాపురంలో అలాంటి పెట్టె వున్న ఇల్లొకటి వూహించుకోవడం కష్టం కాదు. ఆడుకున్న పిల్లలు చదువులు ముగించి బెంగుళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోయారు. ఆటపెట్టె అటక ఎక్కింది. దాని పక్కనే, పాత చీరలో చుట్టిన పెళ్లి క్యాసెట్లు.

పక్కపక్కనే పడివున్న ఈ రెండింటికీ వియ్యం కుదర్చవచ్చునని చెప్పడానికే ఈ వ్యాసం.

ప్లేస్టేషన్ 2ను జపాన్ దేశపు సోనీ కంపెనీ 2000 మార్చి 4న తమ దేశంలో విడుదల చేసింది. 2013 జనవరిలో తయారీ ఆపేనాటికి ప్రపంచంమీద పదిహేనున్నర కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన తెలుగువారికీ దీనితో చుట్టరికం వుంది. 2009లో వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆటను ఈ పెట్టెకోసం తయారుచేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్‌వారు. ఆట బాగుందా లేదా అన్నది వేరే సంగతి. అప్పటికే ప్లేస్టేషన్ 3 బజారులో వుండగా, పాతపెట్టెకే ఆట కట్టారంటే, మన మధ్యతరగతి ఇళ్లలో వున్నది ఏ పెట్టో వారికి తెలుసునన్నమాట.

ఈ పెట్టెకు వచ్చే ప్రధాన రోగం కంటిరోగం. లోపల డిస్కును చదివే లేజరు లెన్సు వుంటుంది. రాయలసీమ ఎండకూ దుమ్ముకూ అది కొన్నేళ్లలో మసకబారుతుంది. డిస్కు పెడితే గిరగిర తిరుగుతుందేగాని ఆట మొదలుకాదు. “చచ్చిపోయింది” అని ఇంట్లోవారు తీర్మానిస్తారు. నిజానికి పోయింది కన్నేగాని మెదడు కాదు. మెమరీ కార్డు పెట్టే చోటూ, ముందువైపు రెండు యు.ఎస్.బి. రంధ్రాలూ మామూలుగానే పనిచేస్తూ వుంటాయి. మనకు కావలసింది అవే.

అయితే ఆ రంధ్రంలో పెన్‌డ్రైవ్ గుచ్చి కూర్చుంటే బొమ్మ రాదు. ఫ్యాక్టరీలో ఈ పెట్టెకు నేర్పిన ముఖ్య విద్యలు రెండు: సోనీవారి ముద్రవున్న ఆట డిస్కు నడపడం, డి.వి.డి. సినిమా చూపించడం. పెన్‌డ్రైవ్‌లో సినిమా వుంటుందన్న సంగతి దానికి తెలియదు. తెలిపే ప్రోగ్రాము పెడదామంటే, ముద్రలేని ప్రోగ్రామును అది లోపలికి రానివ్వదు. మొదటి రోజుల్లో ఈ కాపలా తప్పించడానికి పెట్టె విప్పి, వెంట్రుకంత సన్నని తీగెలతో ఒక చిప్పును టంకం వేసేవారు. చెయ్యి వణికితే పెట్టె సరాసరి పాత సామాన్ల బండికే!

2008లో ‘ఫ్రీ మెక్‌బూట్’ అనే ప్రోగ్రాము వచ్చాక ఆ బాధ తప్పింది. దాని కిటుకు ముచ్చటైనది. పెట్టెకు కరెంటు ఇవ్వగానే, తన ప్రోగ్రాముకు కొత్త దిద్దుబాటు ఏమైనా వుందా అని అది మెమరీ కార్డులో ఒకసారి తొంగిచూస్తుంది. సోనీవారు తమ అవసరానికి వుంచుకున్న దొడ్డిదారి అది. ఫ్రీ మెక్‌బూట్ ఆ దిద్దుబాటు వేషంలోనే కార్డులో కూర్చుంటుంది. ఒక్క మర కూడా విప్పనక్కరలేదు. కార్డు తీసేస్తే పెట్టె ఎప్పటిలాగే సోనీవారి పెట్టె. అందుకే ఇంట్లో పెద్దలు కూడా దీనికి ఒప్పుకోవచ్చు. ‘మ్యాజిక్‌గేట్’ గుర్తువున్న కార్డు కావాలి. లోపల ప్రోగ్రాము ముందే ఎక్కించిన కార్డులు బజారులో దొరుకుతాయి. 90000 నంబరుతో మొదలైన చివరి వరుసలో కొన్ని పెట్టెలకు మాత్రం సోనీవారు ఆ దొడ్డిదారి మూసేశారు. కొనేముందు పెట్టె అడుగున నంబరు చూసుకోవాలి.

ఇది చట్టానికి సమ్మతమేనా అని అడిగేవారుంటారు. అడగవలసిందే. 2012లో మన కాపీరైటు చట్టానికి 65ఎ అనే సెక్షను చేర్చారు. ఒకరి హక్కును కొల్లగొట్టే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు విప్పితే రెండేళ్లవరకు జైలు, పైగా జరిమానా. చట్టం నిషేధించని పనికోసమైతే అడ్డులేదని కూడా ఆ సెక్షనే చెబుతోంది. దొంగ ఆటలకూ, కొత్త సినిమాల దొంగ ప్రతులకూ ఈ పెట్టెను వాడేవారు బోలెడుమంది వున్నారు. మన వ్యాసం వారికోసం కాదు. మన ఇంటి పెళ్లి మనం చూసుకోవడం గురించే మాట్లాడుతున్నాం.

అసలు ఇంత ప్రయాస ఎందుకు? ఫోనులో చూడవచ్చుగదా? చూడవచ్చు. కాని జేజి చూడలేదు. కోస్తావారు నాయనమ్మ అనే ఆవిడను కడప జిల్లాలో జేజి అంటారు. అరచేతంత అద్దంలో ఆవిడకు మనుషులు చీమలబారులా కనిపిస్తారు. వెనకవైపు బుర్ర వున్న పాత టెలివిజన్ ఎదుట పీటవేసుకుని కూర్చుంటేనే ఆవిడకు చూసినట్టు. 1990 ప్రాంతాల పెళ్లి క్యాసెట్టులో ఆమె భర్త తలపాగా సవరించుకుంటూ వియ్యంకుడికి ఎదురువెళతాడు. పోయినవారి ఫోటోలు గోడమీద చాలా ఇళ్లలో వుంటాయి. నడక, గొంతు ఆ ఒక్క టేపులోనే వుంటాయి. టేపుమీది అయస్కాంతపు పూత ఏటికేడు బలహీనపడుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వి.సి.ఆర్.లు చేస్తూ మిగిలిన ఆఖరు కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో చేయి ఎత్తేసింది. అంటే టేపు బాగున్నా దాన్ని తిప్పే యంత్రం నానాటికీ కరువు. ఆటపెట్టె సంగతి ఒక నెల ఆగినా నష్టంలేదు. టేపును కంప్యూటరులోకి ఎక్కించే పని మాత్రం ఆగకూడదు. బంధువుల్లో ఎవరికి నడిచే వి.సి.ఆర్. వుందో విచారించి, దానికి ఒక క్యాప్చరు పరికరం తగిలిస్తే సరి. లేదా డి.వి.డి.గా మార్చిపెట్టే స్టూడియోను వెదుక్కోవాలి.

ఇక ఫైలును పెట్టెకు తగినట్టు మలచడం. ప్లేస్టేషన్ 2 మెదడు వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్, జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు. ఈనాటి చవక ఫోనుకూ దీనికీ ఏనుగుకూ ఎలుకకూ వున్నంత తేడా. ఫోనులో తీసిన వీడియోలు సాధారణంగా హెచ్. 264 పద్ధతిలో వుంటాయి. ఆ మూట విప్పడం దీనివల్ల కాదు. ఎక్స్‌విడ్ అనే పాత పద్ధతిలో మూటకడితే హాయిగా విప్పుతుంది. కంప్యూటరులో ‘ఎవిడెమక్స్’ అనే ఉచిత ప్రోగ్రాము ఈ మార్పు చేసిపెడుతుంది. చిత్రం ఎక్స్‌విడ్, శబ్దం ఎం.పి.3, పైన ఎ.వి.ఐ. అనే పొట్లం. కొలత 640 అడ్డం, 480 నిలువు దాటకపోతే నిశ్చింత. టేపునుంచి వచ్చిన బొమ్మలో, మనుషులు కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లవంటి గీతలు కనబడితే, మార్చేటప్పుడే ‘డీఇంటర్‌లేస్’ అన్నది ఎంచుకోవాలి.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. ఈ పెట్టె యు.ఎస్.బి. రంధ్రం పాతకాలపు 1.1 రకం. కాగితంమీద సెకనుకు 12 మెగాబిట్లు, చేతికి వచ్చేది అంతకంటె తక్కువ. డి.వి.డి. నాణ్యత అంటే సెకనుకు సుమారు 5 మెగాబిట్లు. మూడుగంటల పెళ్లి అలాగే ఎక్కిస్తే ఆరున్నర గిగాబైట్లు దాటుతుంది. అదే ఎక్స్‌విడ్‌లో సెకనుకు 1.3 మెగాబిట్ల చొప్పున మారిస్తే ఒకటిముప్పావు గిగాబైట్లే, సన్నని రంధ్రంలోంచి కూడా తొట్రుపడకుండా వస్తుంది. పాత టేపులో వున్న వివరమే కొద్దిగనుక, జేజి కళ్లకు ఆ తేడా తెలియదు. మన కళ్లకూ తెలియడం కష్టమే. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాటు చేయాలి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లకు మించడానికి వీల్లేదు. మించకపోయినా పెళ్లిని ముక్కలు చేసుకోవడమే మేలు. ఎదురుకోలు ఒకటి, ముహూర్తం ఒకటి, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి. భోజనాల పంక్తిని గంటసేపు తీసిన ఫోటోగ్రాఫరుకు దండంపెట్టి, ఆ ముక్క కూడా దాచండి. ఊరంతా కనిపించేది అందులోనే. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా వుంటే మంచిది.

కార్డు పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, కరెంటు ఇస్తే ఫ్రీ మెక్‌బూట్ పట్టిక కనిపిస్తుంది. అందులోంచి ‘సింపుల్ మీడియా సిస్టమ్’ అనే ప్రోగ్రామును పిలవాలి. సినిమా చూపించేది అదే. కొన్ని పెన్‌డ్రైవులను ఈ పెట్టె గుర్తించదు, మరొకటి పెట్టి చూడడం తప్ప కారణం వెదికి లాభంలేదు.

ఇలా ఆటపెట్టెను సినిమాపెట్టెగా మార్చడం ఏ ఒక్కరి పిచ్చీ కాదు. 2001 నవంబరులో మైక్రోసాఫ్టువారు ‘ఎక్స్‌బాక్స్’ విడుదల చేస్తే, దాని తాళం విప్పినవారు సరదాకు రాసుకున్న వీడియో ప్రోగ్రామే ‘ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్’. పెట్టె కాలం చెల్లింది, ప్రోగ్రాము మిగిలింది. 2014లో ‘కోడి’ అని పేరు మార్చుకుని ఈనాటికీ ఎన్నో ఇళ్ల టెలివిజన్లలో నడుస్తోంది. సోనీవారే 2002లో ప్లేస్టేషన్ 2 మీద లినక్సు నడిపే సామాను అమ్మారు. మరుసటి ఏడు అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని కేంద్రంవారు డెబ్బై ప్లేస్టేషన్లు వరసగా కలిపి శాస్త్రీయ గణనలు చేయించారు. దానిముందు మన పెళ్లి క్యాసెట్టు ఎంత?

కొత్త టెలివిజన్ వుండి, దాని వెనకే యు.ఎస్.బి. రంధ్రం వున్నవారికి ఇదంతా అనవసరం. కొత్తది కొనమని సలహా యిచ్చేవారూ వున్నారు. అటకమీద వున్నది వుండగా కొనడం కడప జిల్లావారి స్వభావం కాదని మాత్రం చెప్పగలను.

ఒక హెచ్చరిక. పెట్టె కువైత్‌ది అయితే మన కరెంటుకు భయంలేదు, మన టెలివిజన్‌కూ సరిపోతుంది. అమెరికానుంచి తెచ్చిన పాత లావు పెట్టె అయితే అది 120 వోల్టులది. నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టారో, పొగ వస్తుంది. దానికి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. తీగెల్లో పసుపుది బొమ్మకు, తెలుపూ ఎరుపూ శబ్దానికి. చేతిలో పట్టుకునే మీటల్లో ఏది నొక్కితే మొదలవుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో ఒకసారి చూసి, పెద్ద అక్షరాలతో కాగితంమీద రాసి టెలివిజన్ పక్కన అంటించండి. మీరు బెంగుళూరు బండి ఎక్కాక కూడా జేజి తలంబ్రాల ముక్క మళ్లీ పెట్టుకోవాలి గదా.