ముప్పై రోజుల గడువులో ఆఖరి రోజు

2023 డిసెంబరు 1న నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో భారత్, ఆస్ట్రేలియా టీ20 ఆడాయి. మనవాళ్లు 20 పరుగుల తేడాతో గెలిచారు. ఆ రాత్రి ఫ్లడ్‌లైట్లు వెలిగింది జనరేటర్ల మీద. కరెంటు బిల్లు 3.16 కోట్ల రూపాయలు పేరుకుపోవడంతో 2018లోనే కనెక్షన్ తీసేశారు. అప్పటికి ఉన్నది తాత్కాలిక కనెక్షనే. అప్పట్లో నిర్వహణ ప్రజాపనుల శాఖది, మిగతా ఖర్చులు క్రీడా శాఖవి. బాకీ మాత్రం మీదంటే మీదని రెండు శాఖలూ వాదించుకున్నాయి.

వ్యాపార దావాలు నడిపే ప్లీడరైతే ముందుగా అడిగేది ఒక్కటే: బిల్లు ఎవరు కట్టాలో, ఎన్ని రోజుల్లో కట్టాలో కాగితం మీద ఉందా? ఈ వృత్తిలో చేరాలనుకునే పిల్లలకు చట్టం సెక్షన్ల కంటే ముందు రోజులు లెక్కపెట్టడం నేర్పాలని నా గట్టి నమ్మకం.

2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం మొదట కోటి రూపాయలు, ఆపైన ఉన్న తగాదాలకే వర్తించేది. 2018లో ఆ హద్దును 3 లక్షలకు దించారు. రాయ్‌పూర్ ఉక్కు మిల్లులు, బియ్యం మిల్లుల ఊరు. అక్కడి పారిశ్రామికవాడ సిల్తరాకు లారీడు సరుకు పంపి డబ్బు రాబట్టుకోలేని చిన్న వ్యాపారి కూడా ఇప్పుడు ఈ కోర్టు గడప ఎక్కవచ్చు. అయితే అత్యవసర ఉత్తర్వు కావాలంటే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ఆ మెట్టు ఎక్కకుండా 2022 ఆగస్టు 20న గానీ ఆ తర్వాత గానీ వేసిన దావాను కోర్టు తిప్పికొడుతుంది. ఇక ప్రతివాది సంగతి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఖర్చులు కట్టి, కోర్టు అనుమతి తెచ్చుకుంటే 120 రోజుల దాకా సాగుతుంది. 121వ రోజున ఎంత గొప్ప జవాబు పట్టుకెళ్లినా తీసుకోరు. మామూలు సివిల్ కేసుల్లో వాయిదాలకు అలవాటుపడిన గుమాస్తాలు మొదట్లో దెబ్బతినేది ఇక్కడే. తీర్పు మీద అప్పీలుకు 60 రోజులు. హైకోర్టు ఉన్నదేమో రాయ్‌పూర్‌లో కాదు, వంద కిలోమీటర్లకు పైగా దూరాన బిలాస్‌పూర్‌లో.

ఒక్క రోజుకు ఎంత విలువ ఉంటుందో హైదరాబాదు వాళ్లను అడగాలి. 2008లో డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ దాదాపు 10.7 కోట్ల డాలర్లకు డెక్కన్ చార్జర్స్‌ను కొనుక్కుంది. మరుసటి ఏడాదే దక్షిణాఫ్రికాలో జరిగిన ఐపీఎల్‌ను ఆ జట్టు గెలిచింది. తర్వాత అప్పులు, ఆటగాళ్లకు బకాయిలు. లోపాలు 30 రోజుల్లో సరిదిద్దుకోమంటూ 2012 ఆగస్టు 16న బీసీసీఐ నోటీసు ఇచ్చింది. సెప్టెంబరు 14న, గడువుకు ఒక రోజు ముందే, ఒప్పందాన్ని రద్దు చేసింది. వివాదం ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. ఆ తొందరపాటు తప్పేనని 2020 జులైలో ఆర్బిట్రేటరు తేల్చి, 4,814.67 కోట్ల పరిహారం, దానిపై 2012 నుంచి 10 శాతం వడ్డీ ఇమ్మన్నారు. ఏడాది తిరక్కుండానే, 2021 జూన్ 16న, బొంబాయి హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. అంత పెద్ద అంకెకు కారణాలు రాయలేదని, ఇరుపక్షాలూ స్పష్టంగా ఒప్పుకోనిదే ఒప్పందం దాటి తన దృష్టిలో న్యాయమనిపించింది ఇచ్చే అధికారం ఆర్బిట్రేటరుకు లేదని చెప్పింది. మరో ఐపీఎల్ జట్టు కొచ్చి టస్కర్స్ కథ ఇంకోలా ముగిసింది. ఆ జట్టు యజమానులకు దక్కిన దాదాపు 538 కోట్ల అవార్డును అదే హైకోర్టు 2025 జూన్‌లో నిలబెట్టింది. ఇలాంటి అవార్డును సవాలు చేయడానికి చట్టం ఇచ్చేది 3 నెలలు. తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. ఆపైన ఒక్క పూట కూడా లేదు.

చట్టం, క్రీడ అనే రెండు దారులూ కలిసే చోట మన తెలుగు లాయర్లు ఇద్దరు కనిపిస్తారు. చీరాలలో పుట్టిన ఎల్. నాగేశ్వరరావు 1982లో గుంటూరు కోర్టులో నల్లకోటు వేసుకున్నారు. ఐపీఎల్ బెట్టింగుపై విచారించిన ముద్గల్ కమిటీలో సభ్యుడిగా పనిచేశారు. 2016లో బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. రిటైరయ్యాక సుప్రీంకోర్టు ఆయనకే భారత ఒలింపిక్ సంఘం నిబంధనావళిని, ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనావళిని, హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని చక్కదిద్దే పని అప్పగించింది. ఒకే చేతిలో అనేక క్లబ్బులున్నాయని 2023లో హైదరాబాదులో 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారాయన. రెండో వారు హైదరాబాదుకు చెందిన పి.ఎస్. నరసింహ. బీసీసీఐ సంస్కరణల కేసులో 2019లో అమికస్ క్యూరీగా ఉండి, రాష్ట్ర సంఘాల గొడవలు విని పరిష్కరించారు. 2021లో ఆయనా న్యాయమూర్తి అయ్యారు. నాగేశ్వరరావు తయారుచేసిన ఫుట్‌బాల్ నిబంధనావళికి కొన్ని మార్పులతో 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది నరసింహ ధర్మాసనమే.

క్రీడా తగాదాలు తేల్చే ఈ పనికి ఇకపై స్థిరమైన చోటు కూడా దొరకబోతోంది. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం ముగ్గురు సభ్యుల క్రీడా ట్రిబ్యునల్‌ను తెచ్చింది. దానిమీద అప్పీలు సుప్రీంకోర్టుకే. 2003లో మొదలైన హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఉన్నది నవా రాయ్‌పూర్‌లోనే. స్టేడియం అదే ఊళ్లో. లాయరుగా పేరు నమోదుకు వేలకు వేలు వసూలు చేయడం కూడదని, 750 రూపాయలు దాటవద్దని, ఎస్సీ, ఎస్టీలకు 125 చాలని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. బస్తర్ నుంచి వచ్చే పిల్లలకు అది చిన్న ఊరట కాదు.

ఆ పిల్లల్లో ఒకరు లాయరయ్యాక, తన ఊరి క్రీడాకారుడు డోపింగ్ నోటీసు పట్టుకొచ్చాడనుకుందాం. నాలుగేళ్ల నిషేధం పడే కేసు. అభియోగ పత్రం అందిన 20 రోజుల్లోపు తప్పును, శిక్షను ఒప్పుకుంటే ఒక సంవత్సరం తగ్గుతుంది. పోరాడి ఓడిపోయి, లోజాన్‌లోని అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లాల్సిన కేసైతే, మామూలుగా నిర్ణయం అందిన నాటి నుంచి 21 రోజులు. రెండు చోట్లా లెక్క మొదలయ్యేది కాగితం చేతికందిన రోజునే. ఆ కుర్రాడు ఎన్ని రోజులు భయపడి దాన్ని పెట్టెలో దాచాడో లాయరు ముందు కనుక్కోవాలి.