శుభలేఖ మడత ఎందుకు పగులుతుంది? ఇంటి కటింగ్ యంత్రంతో మడత గీత వేసే పద్ధతి

న్యూఢిల్లీ: పాత ఢిల్లీలోని చావ్రీ బజార్, దానిని ఆనుకొని ఉన్న నయీ సడక్ ప్రాంతాలు దశాబ్దాలుగా కాగితానికి, పెళ్లి కార్డులకు పేరుపొందిన అంగళ్లు. కార్తిక మాసంలో దేవోత్థాన ఏకాదశి దాటగానే ఉత్తరాదిన పెళ్లిళ్ల హడావుడి మొదలవుతుంది. అప్పటి నుంచి ఆ సందుల్లో దళసరి కాగితం కట్టలు మోసే రిక్షాలకు విరామం ఉండదు. హైదరాబాద్‌లో ఛత్తా బజార్‌కు ఉన్న స్థానమే ఢిల్లీలో ఈ వీధులకు ఉంది.

జాతీయ రాజధాని ప్రాంతంలో ఇప్పుడు ఈ కాగితం అచ్చుయంత్రాలకు మాత్రమే వెళ్లడం లేదు. నోయిడా, గురుగ్రామ్, ఘజియాబాద్‌లలోని ఇళ్లలో బల్లమీద పెట్టుకునే చిన్న కటింగ్ యంత్రాలతో కార్డులు చేసేవారి చేతికీ చేరుతోంది. యాభై, వంద కార్డులకు పెద్ద ప్రెస్సులో డై చేయించడం గిట్టుబాటు కాదు. అటువంటి చిన్న ఆర్డర్లే ఈ గృహ తయారీదారులకు ఆధారం. అయితే వారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కోత కాదు, మడత. ముదురు ఎరుపు కార్డును మడవగానే వెన్నుమీద తెల్లని పగులు తేలితే ఆ కాగితం, దానిపై వేసిన అచ్చు, పెట్టిన సమయం అన్నీ వృథా.

శుభలేఖ విషయంలో ఆ పగులు అందానికి మాత్రమే సంబంధించినది కాదు. మన ఇళ్లలో శుభలేఖ నాలుగు మూలలకూ పసుపు రాసి పంపడం ఆచారం. ఉత్తర భారతంలో మరణవార్త మోసుకొచ్చే పోస్టుకార్డుకు మూల చింపి పంపే అలవాటు ఉండేది. కాగితం ఏ స్థితిలో చేతికి అందిందన్నది అందులోని వార్తలో భాగమేనని రెండు ప్రాంతాల వారూ భావించారు. అందుకే చిట్లిన శుభలేఖను ఇంటి పెద్దలు సులభంగా అంగీకరించరు.

పగులుకు కారణం

కాగితాన్ని మడిచినప్పుడు వెలుపలి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నలుగుతుంది. సాధారణంగా కార్యాలయాల్లో వాడే 80 జీఎస్ఎం కాగితం పలుచన కనుక ఈ ఒత్తిడిని తట్టుకుంటుంది. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో తెలిపే కొలత. కార్డులకు వాడే 200 నుంచి 300 జీఎస్ఎం అట్టలో మందం ఎక్కువ కాబట్టి వెలుపలి ముఖం మరింత సాగవలసి వస్తుంది. దానిపై ఉన్న సిరా పొర, మెరుపు పూత సాగలేవు. అవి తెగి లోపలి తెల్లని పీచు బయటపడుతుంది.

మడత గీత ఈ ఒత్తిడిని ఒక సన్నని దారికి పరిమితం చేస్తుంది. అచ్చు వృత్తిలో దీనినే క్రీజింగ్ అంటారు. గుండ్రని మొన కాగితాన్ని నొక్కుతూ సాగినప్పుడు ఒకవైపు గాడి, రెండోవైపు చిన్న ఉబ్బు ఏర్పడతాయి. గీత వెంట కాగితపు పొరలు కొద్దిగా విడిపోయి, మడత ఆ దారిలోనే పడుతుంది.

తెగకుండా గాడి వేయడం తెలుగువారికి కొత్త విద్య కాదు. తాళపత్రంపై గంటంతో రాసినవారు చేసినది అదే. ఆకును చీల్చకుండా దానిపై సన్నని గాడి గీసి, ఆ గాడిలో మసి నింపేవారు. తాటాకు ఈనెలు నిలువునా సాగుతాయి కనుక వాటి వెంట తిన్నని గీతలు గీస్తే ఆకు చీలుతుందని, మన లిపి గుండ్రదనానికి అదొక కారణమని తరచుగా చెబుతారు. కార్డు తయారీదారు ముందున్న ప్రశ్న కూడా ఇదే: పీచు ఎటు సాగుతోంది, గీత ఎటు సాగాలి?

పీచు దిశ తెలుసుకోవడం

యంత్రంపై తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిశలో ఉంటుంది. మడత ఆ దిశకు సమాంతరంగా పడితే నునుపుగా వస్తుంది, అడ్డంగా పడితే చిట్లుతుంది. దీనిని కనుగొనడానికి కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు తక్కువ ప్రతిఘటనతో వంగుతుందో ఆ వంపు రేఖకు సమాంతరంగా పీచు ఉన్నట్లు. సందేహం ఉంటే చిన్న ముక్కను ఒకవైపు తడపవచ్చు. ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు సాగే దిశే పీచు దిశ.

జైపూర్ సమీపంలోని సాంగానేర్ చేతికాగితం ఇందుకు మినహాయింపు. పత్తి గుడ్డల గుజ్జును జల్లెడ చట్రంతో చేతితో ఎత్తడం వల్ల పీచు అన్ని దిశల్లోనూ పరుచుకుంటుంది. పొడవైన పత్తి పీచు కనుక మడతలో సులభంగా చిట్లదు. కానీ ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల యంత్రపు మొన అన్నిచోట్లా సమానంగా నొక్కలేదు. ఇటువంటి కాగితంపై ఒకే గీతను రెండుసార్లు వేయించడం మేలు.

మూడు పద్ధతులు

ఇంటి యంత్రంతో మడత గీతను మూడు విధాలుగా వేయవచ్చు.

మొదటిది నొక్కుడు గీత. క్రికట్ ఎక్స్‌ప్లోర్, మేకర్ యంత్రాల్లో బ్లేడు పక్కనున్న పట్టీలో గుండ్రని మొన గల స్కోరింగ్ స్టైలస్ అమర్చవచ్చు. మేకర్ తరగతి యంత్రాలకు స్కోరింగ్ వీల్ అనే చిన్న చక్రం కూడా ఉంది. అది ఎక్కువ ఒత్తిడితో లోతైన గాడి వేస్తుంది. పూత ఉన్న అట్టకు, చాలా దళసరి అట్టకు రెండు సమాంతర గీతలు ఒకేసారి వేసే జంట చక్రం ఉపయోగపడుతుంది.

రెండవది హాఫ్ కట్, అంటే సగం లోతు కోత. బ్లేడు ఒత్తిడిని తగ్గించి, మందంలో సగం వరకే తెగేలా చేయాలి. కోత పడిన ముఖం మడతకు వెలుపల ఉండాలి. మడత పదునుగా వస్తుంది కానీ లోపలి రంగు కనిపిస్తుంది. కాబట్టి మందమంతా ఒకే రంగు గల అట్టకే ఇది తగినది. పదేపదే తెరిచి మూసే కార్డుకు పనికిరాదు.

మూడవది తునక గీత, అంటే పర్ఫొరేషన్. సిల్హౌట్ వంటి యంత్రాల్లో గీత శైలిని చుక్కల గీతగా మార్చితే బ్లేడు కొంత కోసి, కొంత వదిలి సాగుతుంది. మూడు మిల్లీమీటర్ల కోత, రెండు మిల్లీమీటర్ల ఖాళీతో ప్రారంభించి, కాగితాన్ని బట్టి సవరించుకోవచ్చు. అంచుకు రెండు మిల్లీమీటర్ల ముందే గీతను ఆపితే అక్కడ చినుగు మొదలవదు. ఇది ఎటు మడిచినా లొంగుతుంది కనుక విసనకర్రలా ముందుకు, వెనుకకు మడిచే కార్డులకు అనువైనది.

కొలతలు, క్రమం

ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. సగానికి మడవాలంటే గీత 148.5 మిల్లీమీటర్ల వద్ద పడాలి. మూడు మడతల కార్డును సమానంగా 99 చొప్పున విభజిస్తే లోపలికి వెళ్లే రేకు ఇరుక్కుని ఉబ్బుతుంది. దానిని 97గా, మిగతా రెండింటిని 100 చొప్పున ఉంచాలి. అంటే లోపలి రేకు అంచు నుంచి లెక్కిస్తే 97, 197 మిల్లీమీటర్ల వద్ద గీతలు పడతాయి.

బజారులో డిజిటల్ అచ్చుకు 12x18, 13x19 అంగుళాల కాగితాలు ఎక్కువగా వాడతారు. ఇంటి యంత్రాల చాపలు చాలావరకు 12 అంగుళాల వెడల్పువి. 13x19 కాగితం కొన్నవారు దానిని ముందే కత్తిరించుకోవాలి. 12x18 కాగితానికి 24 అంగుళాల పొడవు చాప అవసరం.

ఇక క్రమం. గీత ముందు, కోత తరువాత. చుట్టూ కోసేసిన తరువాత గీత వేస్తే వదులైన ముక్క జరిగి గీత వంకరపోతుంది. క్రికట్ సాఫ్ట్‌వేర్ ఈ క్రమాన్ని తానే పాటిస్తుంది. సిల్హౌట్‌లో గీతకు ఒక రంగు, కోతకు మరొక రంగు ఇచ్చి క్రమాన్ని మనమే నిర్ణయించవచ్చు. క్రికట్‌లో తరచుగా జరిగే పొరపాటు వేరు: గీతను ‘స్కోర్’గా మార్చి, కార్డు ఆకారంతో ‘అటాచ్’ చేయడం మరచిపోవడం. అప్పుడు గీత, కార్డు వేర్వేరు చోట్ల పడతాయి.

ఏ ముఖం పైన ఉండాలి?

చాలామందిని తికమకపెట్టే అంశం ఇది. మొన పైనుంచి నొక్కుతుంది కనుక గాడి పై ముఖాన, ఉబ్బు అడుగున వస్తాయి. మడిచినప్పుడు ఉబ్బు లోపలి వైపు, గాడి వెలుపలి వైపు ఉంటే వెలుపలి పొర తక్కువ సాగుతుంది. అందువల్ల కార్డు వెలుపలి ముఖాన్నే చాపపై పైకి కనిపించేలా పరచాలి. మడవడం గాడిలోకి కాదు, గాడికి వ్యతిరేక దిశలో. గాడి అటూఇటూ తిరిగే కార్డులకు నొక్కుడు గీతే కావాలనుకుంటే, కాగితాన్ని తిరగేసి రెండోసారి యంత్రంలో పెట్టవలసి ఉంటుంది.

వాతావరణానికీ పాత్ర ఉంది. ఢిల్లీలో మే, జూన్ నెలల వడగాలిలో, చలికాలంలో హీటరు పెట్టిన గదిలో కాగితం తేమ కోల్పోయి పెళుసవుతుంది. అటువంటి రోజుల్లో కాగితాన్ని పొట్లంలోనే ఉంచి, పని మొదలుపెట్టే ముందే బయటికి తీయాలి. వానాకాలంలో అదే కాగితం తేమ పీల్చి మెలి తిరుగుతుంది, చాపకు సరిగా అంటదు.

మొత్తం ఆర్డరుకు కాగితం కొనకముందే ఒక్క కాగితంపై పరీక్ష చేయడం ఖర్చు తగ్గించే మార్గం. ఒకే ముక్కపై పీచు వెంట ఒకటి, పీచుకు అడ్డంగా ఒకటి గీతలు వేసి, అచ్చు వేసిన ముఖం వెలుపలికి వచ్చేలా మడిచి, వెలుతురులో చూడాలి. అడ్డపు గీత కూడా చిట్లకపోతే ఆ కాగితాన్ని ఏ నమూనాకైనా వాడవచ్చు. అది చిట్లి, నిలువు గీత నిలిస్తే నమూనాను తిప్పి అమర్చుకోవాలి. రెండూ చిట్లితే కాగితాన్నే మార్చాలి. ఈ నిర్ణయం అచ్చుకు ముందు జరిగితే పోయేది ఒక్క కాగితమే, తరువాత జరిగితే పోయేది ఆర్డరు.