ఈస్ట్ సీసాకు రాత్రీ పగలూ ఒకటే

కల్లు లొట్టిలో నురగ పొంగేది ఎందుకో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈస్ట్ చక్కెరను తిని మద్యాన్ని, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. మొక్కలున్న అక్వేరియానికి ఇంట్లో గ్యాస్ చేసే పద్ధతి కూడా ఇదే. కూల్‌డ్రింక్ సీసాలో చక్కెర నీళ్లు, ఈస్ట్ పోసి, మూతకు సన్న గొట్టం బిగించి నీళ్లలోకి వదులుతారు. పని చిన్నదే కానీ, దాని చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి.

ఈస్ట్ ఎక్కువేస్తే గ్యాస్ ఎక్కువ వస్తుందా?

రాదు, తొందరగా వచ్చి తొందరగా అయిపోతుందంతే. ఎంత గ్యాస్ రావాలో తేల్చేది చక్కెర. 100 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు 50 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, అంటే సుమారు 28 లీటర్లు వస్తుంది. రెండు లీటర్ల సీసాలో కప్పు చక్కెరకు పావు చెంచా ఈస్ట్ చాలు. ఈస్ట్‌కు బాగా నచ్చేది 30-35 డిగ్రీల వేడి. 40 దాటే మన ఎండల్లో దాని పని గాడి తప్పుతుంది, చలికాలం తెల్లవారుజామున బుడగ రావడమే గగనం. సీసాను బకెట్ నీళ్లలో నిలబెడితే ఈ హెచ్చుతగ్గులు కొంత తగ్గుతాయి. చక్కెరకు బదులు బెల్లం వేసినా గ్యాస్ వస్తుంది. కాకపోతే చూసినవాళ్లు గుడుంబా పానకం అనుకుంటే మీ ఇష్టం!

రాత్రి గొట్టం మూసేస్తే గ్యాస్ మిగులుతుందా?

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. లైటు ఆర్పినా ఈస్ట్ ఆగదు. దారి మూస్తే ఒత్తిడి పెరిగి గొట్టం ఊడుతుంది, లేదా సీసాయే పగులుతుంది. గాజు సీసా అసలే వద్దు. రాత్రిపూట మొక్కలు కూడా కార్బన్ డయాక్సైడే వదులుతాయి కాబట్టి తెల్లారేసరికి నీళ్లలో అది బాగా పేరుకుంటుంది. పడుకునే ముందు గొట్టం కొసను నీళ్లలోంచి తీసి బయటికి వదిలేయండి, లేదా ఎయిర్ పంపు ఆన్ చేయండి. కాస్త గ్యాస్ వృథా అయితే పోయేది పది రూపాయల చక్కెరే.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఈ గ్యాస్ ఆక్సిజన్‌ను తోసేసినట్టేనా?

కాదు. ఒక వాయువు కరిగినంత మాత్రాన రెండోది నీళ్లలోంచి బయటికి పోదు. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ మితిమీరితే చేప తన రక్తంలోని దాన్ని బయటికి పంపలేదు, రక్తానికి ఆక్సిజన్ పట్టే శక్తీ తగ్గుతుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మొక్కల కోసం లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు చాలంటారు. అంతకు మించి ఎక్కించాలనే ఆరాటం దేనికి?

బుడగలు కనిపిస్తే మొక్కలకు అందినట్టేనా?

పెద్ద బుడగ పైకొచ్చి పగిలితే గ్యాస్ గాలిలోకే పోతుంది. బుడగలను సన్నగా చీల్చే డిఫ్యూజర్ కావాలి. మధ్యలో ఖాళీ సీసా ఒకటి పెడితే పులిసిన నీళ్లు అక్వేరియంలోకి రావు. వస్తే బ్యాక్టీరియా పెరిగి నీళ్లు పాలలా తెల్లబడతాయి.

ప్రతి మొక్కకూ ఈ సీసా కావాలా?

బడిలో గరాటు కింద హైడ్రిల్లా పెట్టి, చిటికెడు వంటసోడా వేసిన ప్రయోగం గుర్తుందా? హైడ్రిల్లా బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలదు, మన బోరు నీళ్లలో అది మామూలుగానే ఉంటుంది. అనుబియాస్, జావా ఫెర్న్ లాంటివి ఎలాగూ నిదానంగా పెరుగుతాయి. ఇవి మాత్రమే పెంచేవాళ్లు చక్కెరను చాయ్‌కే వాడుకోవచ్చు.