కర్త లేని వాక్యం

మన కథల్లో స్త్రీ 'చెడిపోతుంది', ఆమె 'మానం పోతుంది'. చెరిచినవాడు వాక్యంలో ఎక్కడా ఉండడు. కర్తను మాయం చేసే ఈ వ్యాకరణం పురుషాధిక్య భావజాలానిదే. లైంగిక హింసను అరికట్టాలంటే ముందు ఆ కర్త నోరు విప్పాలని ఒక చిన్న ఆదివాసీ సమాజం ఆచరణలో చూపింది.

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, విన్నిపెగ్ సరస్సుకు తూర్పున హాలో వాటర్ అనే అనిషినాబె జాతి గ్రామం ఉంది. 1980ల నడుమ ఊళ్ళోని తాగుడు గురించీ, పిల్లల గురించీ ఆలోచించడానికి కొందరు కూర్చున్నారు. తవ్వేకొద్దీ బయటపడింది తరాలుగా ఇళ్ళలో సాగుతున్న లైంగిక హింస. కూర్చున్నవారిలోనే చాలామంది చిన్ననాడు దానికి గురైనవారు. పిల్లల్ని తల్లిదండ్రులనుంచి విడదీసిన వలస పాలకుల నిర్బంధ వసతి పాఠశాలల్లో దాని మూలాలు చాలావరకు ఉన్నాయి. అయితే మూలాలు వ్యవస్థలో ఉన్నాయని వ్యక్తిని వాళ్ళు వదిలిపెట్టలేదు. అభ్యుదయ విమర్శ తరచు చేసే పొరపాటు అదే; నా రాతలూ అందుకు మినహాయింపు కావు.

వారి పద్ధతిలో పదమూడు మెట్లున్నాయి. బిడ్డ నోరు విప్పగానే ముందు బిడ్డకు రక్షణ. ఆపైన బృందం నేరస్థుడి దగ్గరికి పోతుంది. పోలీసు కేసు ఎలాగూ ఉంటుంది. నేరం ఒప్పుకుని ఈ దారికొస్తే బృందం తోడుంటుంది, లేదంటే కోర్టును ఒంటరిగా ఎదుర్కోవాలి. ఒప్పుకున్నవాడు మొదట బృందం ముందు, తర్వాత భార్యాబిడ్డల ముందు, తల్లిదండ్రుల ముందు, చివరకు ఊరి ముందు 'నేను చేశాను' అనాలి. మొదట్లో సాకులుంటాయి, వలయం పెరిగేకొద్దీ అవి రాలాలి. జైలు భయం మౌనాన్నే పెంచుతుందని 1993లో వారొక పత్రంలో వాదించారు. శిక్ష నిర్ణయించేది జడ్జీయే, కాని ఊరి మాట విన్నాక. ఈ దారిన నడిచిన 107 మందిలో మళ్ళీ నేరం చేసినవారు ఇద్దరని 2001 నాటి అధ్యయనం చెప్పింది. అది బయటపడిన నేరాల లెక్క మాత్రమేనని మరువరాదు.

ఊరు అనగానే మనకు గుర్తొచ్చేది పెద్దమనుషుల పంచాయితీ: జరిమానా, లేదా వాడితోనే పెళ్ళి. అత్యాచార కేసుల్లో ఇలాంటి రాజీ కుదరదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. భూమీ, కులబలమూ ఎవరివైతే ఊరి నోరు వారిదే. కెనడాలోనూ ఈ ప్రశ్న లేచింది. సంప్రదాయం పేరిట సామరస్యం కోరే సభలో క్షమించమనే ఒత్తిడి బాధితురాలి మీదే పడుతుందని మెటీ జాతి పండితురాలు ఎమ్మా లారోక్ 1997లో హెచ్చరించింది. ఆ హెచ్చరిక మన ఊళ్ళకు మరీ వర్తిస్తుంది.

మన సాహిత్యంలో పంచాయితీ సన్నివేశాలు తిరగెయ్యండి. ప్రశ్నలన్నీ ఆమెకే. అతని తరఫున తండ్రో మేనమామో మాట్లాడతాడు. అతని చేత ఒక్క పూర్తి వాక్యం పలికించిన కథ నాకింకా తారసపడలేదు.