ఈల వేసి పలికెడి డోలకము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పుస్తకము చూచి పటము గీసికొని, కోఠీ గుజరాతీ గల్లీలో ట్రాన్సిస్టరును కండెన్సర్లను కొని, నారాయణగూడలోనో అశోక్‌నగరులోనో మేడమీది గదిలో ఆసిలేటరును, అనగా డోలకమును, కూర్చుకొన్న విద్యార్థికి కలుగు సందేహ మొక్కటే: ఇది పనిచేయుచున్నదా, ఊరక బ్యాటరీని హరించుచున్నదా? ఆసిలోస్కోపు లేకున్నను చింత లేదు. పాత మీడియంవేవ్ రేడియో చాలును. 738 కిలోహెర్ట్జులపై హైదరాబాదు ఆకాశవాణి వినవచ్చుచుండగా, ఏరియలు తగిలింపక ప్రక్కనే యుంచిన డోలకపు ట్రిమ్మరును మెల్లగా త్రిప్పినచో, దాని పౌనఃపున్యము 739కి చేరినపుడు, రెంటి భేదమైన 1 కిలోహెర్ట్జు సన్నని ఈలయై వినబడును; ఇంకను సమీపించినకొలది ఈల బొంగురువోయి, సమానమైనచోట అణగి, ఆవల మరల లేచును. డోలకపు బ్యాటరీ తీసినంతనే ఈల ఆగవలెను; ఆగనిచో, పొరుగింటి ఎల్‌ఈడీ దీపమును అనుమానింపవచ్చును! అసలే పలుకనిచో, పెరిగిన సంకేతమును వెనుకకు తెచ్చెడి తీగచుట్ట కొసలను తారుమారు చేసి చూడవలెను.