పంచదార విశేషాలు: బెల్లం దిమ్మ నుంచి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాకా

2022 ఏప్రిల్ 4న పరవాడ విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లే ఆ జిల్లా కేంద్రం. అక్కడ చెరకు మీద పరిశోధన 1913 నుంచీ సాగుతోంది. అందుకేనేమో, ఈ చుట్టుపక్కల "షుగరొచ్చింది, పంచదార మానేసి బెల్లం టీ తాగుతున్నా" అనేవాళ్లు ఎక్కువ. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్లు సుక్రోజే. పంచదారలో ఉన్నదీ అదే. 100 గ్రాముల పంచదారకు 400 కేలరీల దాకా వస్తే, బెల్లానికి 350 పైనే వస్తాయి. రక్తంలో చక్కెర రెండింటితోనూ పెరుగుతుంది.

మరి బెల్లంలో ఇనుము ఉంటుంది కదా? ఉంటుంది, 100 గ్రాములకు సుమారు 5 మిల్లీగ్రాములు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. నోట్లో వేసుకునే 10 గ్రాముల ముక్కతో వచ్చేది అర మిల్లీగ్రాము. రక్తహీనత ఉన్న ఆడపిల్లకు బెల్లం ముక్క పెట్టి సరిపెట్టుకుంటే అన్యాయం చేసినట్టే. ఆకుకూరలు, పప్పులు, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు కావాలి.

బెల్లం కొనేటప్పుడు మరో సంగతి. లేత పసుపు రంగు దిమ్మకు గిరాకీ ఎక్కువని కొన్నిచోట్ల పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. రంగు చూసి మోసపోవద్దు.

ఇంతకీ రోజుకు పంచదార ఎంత తినొచ్చు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 25 గ్రాములకు మించవద్దని చెప్పింది. అంటే ఇంచుమించు 6 చెంచాలు. పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు చేసే మనిషి చెంచాన్నర పంచదార వేసిన టీ నాలుగు తాగితే ఆ ఆరూ అయిపోయాయి. స్వీటు ముక్కా, కూల్‌డ్రింకూ ఇంకా లెక్కలోకే రాలేదు.

కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల దాకా పంచదార ఉంటుంది. తాగిన తీపి కడుపు నింపదు, ఆ తర్వాత అన్నం ఏమీ తగ్గదు. చెరకు రసం, పండ్ల రసం, తేనెల్లోని చక్కెరనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టిన చక్కెరలోనే లెక్కేస్తుంది. నమిలి తినే పండును మాత్రం లెక్కెయ్యదు.

బరువు సంగతికొస్తే, 2013లో ఎన్నో ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. పెద్దవాళ్లు చక్కెర తగ్గిస్తే సగటున 0.8 కిలో తగ్గారు, పెంచితే దాదాపు అంతే పెరిగారు. చక్కెర తీసేసి అన్నే కేలరీలు వేరే పిండిపదార్థంతో ఇస్తే బరువులో మార్పు లేదు. కాబట్టి టీలో చెంచా తగ్గించి అన్నం మరో గరిటె వడ్డించుకుంటే నడుము తగ్గదు.

పోనీ, షుగర్‌ఫ్రీ మాత్రలో? బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. ఇక, తీపి తింటే పిల్లలు అల్లరి చేస్తారన్న మాట 1995లోనే పరిశీలనలో నిలవలేదు. వాళ్ల పళ్లు పుచ్చిపోతాయన్నది మాత్రం నిజమే.

అదే చక్కెర ప్రాణమూ నిలబెడుతుంది. విరేచనాలైన బిడ్డ పేగుల్లో గ్లూకోజు సోడియంను వెంటబెట్టుకుని లోపలికి వెళ్తుంది, వాటి వెనకే నీరూ వెళ్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది అలాగే. కొలత తప్పి తీపి ఎక్కువైతే ఒంట్లోని నీరే పేగుల్లోకి వచ్చి విరేచనాలు ముదురుతాయి. అందుకే, చక్కెర దండిగా ఉన్న పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకూ వెళ్లారు. చివరకు 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ డాక్టరమ్మకు తల్లులంతా రుణపడి ఉన్నారు. మందుల షాపులో ప్యాకెట్ తీసుకునేటప్పుడు వెనక చూడండి: కలిపిన లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు ఉండాలి.