ముసలితనమున భూమి వ్రాసియిచ్చు రైతులకు హెచ్చరిక

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు ఈ పత్రికలో మేము పలుమారులు వ్రాసితిమి. ఈ మాసమున భూమి చేతులు మారు సందర్భమును గూర్చి వ్రాయదలచితిమి.

వయసు మీరిన రైతు తన భూమిని కుమారునికో, కుమార్తెకో, అన్నకొడుకునకో వ్రాసియిచ్చుట గ్రామములలో సామాన్యము. "నీవే దున్నుకొనుము, మాకింత ముద్ద పెట్టుము" అని యింటివద్ద అనుకొందురు. సబురిజిస్ట్రారు కచేరిలో మాత్రము "ప్రేమాభిమానములచేత ఇచ్చితిని" అని వ్రాయింతురు. ముద్దను గూర్చిన మాట దస్తావేజులోనికి రాదు. చిక్కు అచ్చటనే పుట్టుచున్నది. పట్టాదారు పాసుపుస్తకము కుమారుని పేర మారిన పిమ్మట ఆ భూమిపై పంట ఋణము పుచ్చుకొనువాడును అతడే. తండ్రి అన్నమునకు ఎదురుచూడవలసినవాడగును.

1882 సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, సక్రమముగా రిజిస్టరైన దానమును దాత తన యిష్టము చొప్పున రద్దు చేయజాలడు. ఈ కష్టమునకు 2007లో పార్లమెంటు ఒక మార్గము చూపినది. తల్లిదండ్రుల మరియు వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమందలి 23వ సెక్షను ప్రకారము, అరువదియేండ్లు నిండినవారు తమ పోషణ జరుపవలెనను షరతుతో ఆస్తి నిచ్చియుండగా, పుచ్చుకొన్నవారు ఆ షరతు తప్పినచో, ఆ బదలాయింపు మోసముచేతనో ఒత్తిడిచేతనో జరిగినదానితో సమానమగును. ఇచ్చినవారు కోరినచో ట్రిబ్యునలు దానిని చెల్లదని ప్రకటింపవచ్చును. ఈ చట్టము అమలునకు వచ్చిన తరువాత వ్రాసిన పత్రములకే యీ రక్షణ.

"షరతు" అను మాటయే ఇచ్చట ప్రాణము. 2022 డిసెంబరులో సుప్రీముకోర్టు, ఒక తల్లి తన కుమార్తెలకు వ్రాసిన హక్కు విడుదల పత్రమున పోషణ షరతు ఉన్నట్లు రుజువు కానందున, దానిని రద్దు చేయుటకు వీలులేదని తీర్పు చెప్పెను. 2025 జనవరి 2వ తేదీన మధ్యప్రదేశమునకు చెందిన మరియొక తల్లికి అదే న్యాయస్థానము ఆస్తిని మరల ఇప్పించెను. కడవరకు పోషించెదనని, లేనిచో ఆస్తిని వెనుకకు తీసికొనవచ్చునని ఆమె కుమారుడు వ్రాసియిచ్చిన పత్రము ఆమెకు అండయైనది. ఈ చట్టము వృద్ధుల మేలునకై పుట్టినది గావున ఉదారముగా అన్వయింపవలెననియు, ట్రిబ్యునలు ఆస్తి స్వాధీనమును గూడ ఇప్పింపవచ్చుననియు ఆ తీర్పున కలదు.

కావున సభ్యులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. దానపత్రమున అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము జరుపవలెననియు, తప్పినచో దస్తావేజు రద్దగుననియు స్పష్టముగా వ్రాయింపుడు. దస్తావేజు లేఖరి "అక్కరలేదు" అన్నను వినకుడు.

2. వ్రేలిముద్ర వేయుటకు ముందు పత్రము నంతయు పరాయి మనిషిచేత చదివించి వినుడు. నకలు మీయొద్దనే యుంచుకొనుడు.

3. తొందర లేనిచో వీలునామా మేలు. ఇద్దరు సాక్షులు చాలుదురు. మీరు బ్రతికియున్నంతకాలము భూమి మీదే, వీలునామాను ఎప్పుడైనను మార్చుకొనవచ్చును.

4. అంతయు ఒక్కసారి ఇయ్యక, యిల్లును కొంత చెలకయు మీ పేరనే నిలుపుకొనుడు.

ఇదివరకే చిక్కున పడినవారు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షుడుగా నుండు ట్రిబ్యునలునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వకీలు లేకుండనే స్వయముగా చేసికొనవచ్చును. నడువలేనివారు మరియొకరిచేత పంపవచ్చును. భూమి వ్రాసియియ్యకున్నను పోషణకై అడుగు హక్కు కలదు. సంతానము లేనివారు తమ ఆస్తికి వారసులు కాగల బంధువులను అడుగవచ్చును. చట్టమున భరణమునకు నెలకు 10,000 రూపాయలు మితి. నోటీసు అందిన 90 దినములలో పోషణ దరఖాస్తు పరిష్కారము కావలెను. మరి 30 దినములు మాత్రమే గడువు పొడిగింపవచ్చును. ఉత్తరువు నచ్చనిచో 60 దినములలో కలెక్టరునొద్ద అప్పీలు చేసికొనవచ్చును.

బిడ్డలను అనుమానింపుడని మేము చెప్పుటలేదు. మంచి కుమారునికి ఈ షరతు బరువు కాదు. సంఘమున అప్పు పుచ్చుకొనునపుడు సొంత అన్నదమ్ములును జామీనుపత్రముపై సంతకము చేయుదురు గదా. అందుచేత ఎవరికిని అవమానము కలుగుట లేదు. ముసలి తల్లిదండ్రుల కూటికి సంబంధించిన పత్రమునను అంతపాటి జాగ్రత్త యుండవలెను.